తెగిన కొస

కిందటి వారం మనం దేవకుమారిని గువ్వలబోడు కొండ మీద, నేలకి నూట ఎనభై అడుగుల ఎత్తున, నులక మంచమంత వెడల్పైనా లేని ఒక రాతి అరుగు మీద వదిలేసి వచ్చాం. పర్చూరు మిషన్ బడిలో టీచరు ఆమె. బడిపిల్లల్ని కొండెక్కించడానికి తీసుకొస్తానని, ముందు తాను నేర్చుకోవాలని అబద్ధం చెప్పి, మూడు ఆదివారాలు కొండ కింది గుండ్ల మీద పాకడం నేర్చుకుంది. నాలుగో ఆదివారం, సున్నపురాయి గోడలా నిటారుగా నిలబడ్డ ఆ కొండ ముఖం మీదికి బుడాన్ వెంట బయల్దేరింది. బుడాన్ ఒకప్పుడు మిలిటరీలో పనిచేసి, మంచుకొండలెక్కి వచ్చిన మనిషి. కొండని నాలుగు అంచెలుగా ఎక్కాలి. ఒక్కో అంచెలో ముందు ఆయన పాకి, పైన కుదురుకుని, తాడు లాగి పట్టుకుంటూ ఆమెను రమ్మంటాడు.

మూడో అంచె చివరనున్న ఈ అరుగు కోసమే దేవకుమారి అబద్ధమాడింది. ఐదేళ్ళ కిందట, డెబ్భై తొమ్మిదిలో, ఆమె తమ్ముడు ఇమ్మానియేలు ఇక్కడే నిలబడి, పైకి పాకుతున్న స్నేహితుడు బుల్లయ్య తాడు పట్టుకున్నాడు. బుల్లయ్య పడిపోయాడు, పోయాడు. ఇమ్మానియేలు తాడు వదిలేశాడన్నారు. కావాలనే వదిలేశాడన్నవాళ్ళూ ఉన్నారు. ఆ చోటేదో ఒక్కసారి కళ్ళారా చూడాలని వచ్చిన దేవకుమారి, తానెవరో ఎక్కడా బయటపెట్టలేదు. అరుగు మీద మోకాలు మోపి ఊపిరి కూడదీసుకుంటుంటే, ఆమె నడుము తాడుని రాతిలోకి దిగ్గొట్టిన మేకుకి బిగిస్తూ, తలెత్తకుండానే అడిగాడు బుడాన్:

"నువ్వు ఇమ్మానియేలు అక్కవి కదమ్మా?"

కాదని అందామనుకుంది దేవకుమారి. కానీ అంత ఎత్తున, వీపుని రాతికి ఆనించి, కాళ్ళ కింద గువ్వలు ఎగురుతుంటే, ఇంకో అబద్ధం అల్లే ఓపిక ఆమెకు లేకపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి ఆదివారమే. ఎక్కేటప్పుడు ఎడం చెయ్యి ముందు పెడతావు. ఆ పిల్లాడూ అంతే. మొహం పోలిక సరేసరి."

"తెలిసి కూడా ఎందుకు తీసుకొచ్చారు?"

బుడాన్ ముడి బిగించి, రెండుసార్లు లాగి చూసుకుని, అప్పుడు ఆమె వైపు తిరిగాడు. యాభై అయిదేళ్ళ మనిషి. ఎండకి మొహమంతా చెక్కిన రాయిలా ఉంటుంది. మూడు ఆదివారాలుగా ఆ మొహంలో బెరుకన్నది ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది.

"రెండో అంచెలోనే భయపడి తిరిగిపోతావనుకున్నా," అన్నాడు. "పోతే బాగుండుననుకున్నా. నువ్వు పోలా. ఇక్కడిదాకా వచ్చావు. ఇంక నేను చెప్పక తప్పదు."

అరుగు రెండో చివరన, మనిషి చెయ్యి పట్టేంత చీలిక ఒకటుంది రాతిలో. బుడాన్ దాని దగ్గరికి జరిగి, అందులో కుక్కి ఉన్న రాళ్ళు ఒకటొకటిగా తీసి పక్కన పెట్టాడు. తర్వాత చెయ్యి భుజందాకా లోపలికి పోనిచ్చి, తడిమి తడిమి, ఏదో పట్టుకుని లాగాడు.

తాడు. సున్నపు దుమ్ము, గబ్బిలాల పెంట పట్టి రంగు తెలియకుండా పోయిన నైలాన్ తాడు. నాలుగు బారలుంటుందేమో. ఒక కొస పద్ధతిగా కాల్చి ముద్ద చేసి ఉంది. రెండో కొస పేలిన పత్తికాయలాగా విచ్చుకుని ఉంది.

"ఇది మీ తమ్ముడి చేతిలో ఉండింది," అన్నాడు బుడాన్. "ఆ రోజు పైనించి ముందుగా ఈ అరుగు మీదికి దిగింది నేను. పిల్లాడు ఇదిగో ఈ మేకుకి కట్టేసినోడు కట్టేసినట్టే కూలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మనిషి లేడు. ఈ తాడు ముక్క రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడమ్మా. ఏలు ఏలు నేనే విడదీయాల్సొచ్చింది. ఆడు వదల్లా. తాడు తెగింది."

దేవకుమారికి ఆ మాటలన్నీ వినిపించాయి గానీ, వాటి వెనకనే ఇంకో గొంతు వినిపించింది. బుల్లయ్య పోయిన వారంలో ఒకే ఒక్కసారి, వంటింటి గడప మీద కూర్చుని ఇమ్మానియేలు అన్నమాట. 'తాడు ఉన్నట్టుండి తేలికైపోయిందక్కా.' అంతే అన్నాడు. తర్వాత పోలీసులు అడిగినా, పెద్దమనుషులు అడిగినా, ఊళ్ళోవాళ్ళు అరిచినా నోరు విప్పలేదు. కొన్నాళ్ళకి తనే తీర్పు చెప్పేసుకున్నాడు. తేలికైందంటే, తాను వదిలేసినట్టే కదా అని.

ఆమె ఆ కొసని చేతిలోకి తీసుకుంది. పోగులు వేళ్ళకి గరుగ్గా తగిలాయి. రాతికి జారబడి కూర్చుండిపోయింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకే తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరు నవ్వుతోంది. ఐదేళ్ళుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి పక్కకి తప్పుకున్నట్టు, ఊపిరి కడుపుదాకా వెళ్ళి వచ్చింది.

"వదల్లేదు," అంది. "వాడు వదల్లేదు. ప్రభువా, వాడు వదల్లేదు."

బుడాన్ తల వంచుకుని నిలబడ్డాడు.

నవ్వు ఎంత ఉన్నట్టుండి వచ్చిందో అంత తొందరగానూ పోయింది. తలెత్తి చూసేసరికి ఆయన ఇంకా అక్కడే, అదే తల వంచుకుని ఉన్నాడు. అప్పుడు వచ్చింది కోపం.

"ఐదేళ్ళు," అంది. 'మీరు' అన్న మాట నోటికి రాలేదు ఆమెకు. "ఐదేళ్ళు దీన్ని ఈ బొక్కలో దాచిపెట్టి కూర్చున్నావా? మా వాడు బీయెడ్ చదవాల్సినవాడు. చీమకుర్తిలో రాళ్ళు కొడుతున్నాడు, తెలుసా నీకు? క్రిస్మస్‌కి ఇంటికి రాడు. బావిలో చేద వెయ్యడు. ఎందుకో తెలుసా? చేదకి తాడుంటుంది కాబట్టి! మా నాన్న ఏసోబు ఉపదేశి, ప్రతి క్రిస్మస్‌కీ బుల్లయ్య వాళ్ళమ్మ గడప ముందుకెళ్ళి నిలబడి, ఆమె తలుపు తియ్యకపోతే తిరిగొస్తాడు. మా పాలెంలో ఆడవాళ్ళని రెండేళ్ళు మిరపకోతలకి పిలవలేదు బుల్లయ్య వాళ్ళు. నీ ఒక్క మాటతో పోయేదంతా!"

"పోయేదే."

"మరెందుకు చెప్పలేదు?"

కింద ఎక్కడో సున్నపుబట్టీల దగ్గర లారీ హారన్ మోగి ఆగింది.

"ఆ తాడు పాతదని నాకు తెలుసమ్మా," అన్నాడు. "కొత్తది తెప్పించమని కొండలెక్కించే క్లబ్బు వాళ్ళని రెండుసార్లడిగా. వచ్చే సీజన్‌కి చూద్దామన్నారు. సరేనన్నా. ఆళ్ళ మీదికి తొయ్యటం లేదు. కట్టింది నేను. ఆ పొద్దున కట్టేముందు ఏళ్ళతో తడిమితే ఒకచోట మెత్తగా తగిలింది. తగిలింది నాకు. ఈ ఒక్కరోజుకేమవుతుందిలే అనుకున్నా. పై గోడలో రాయంచు కత్తిలాగా ఉంటది. బుల్లయ్య జారినప్పుడు తాడు దాని మీద పడింది."

"మరి పోలీసులు తాడు చూడలేదా?"

"చూశారు. ఆళ్ళొచ్చేలోపల కింద పడున్న బుల్లయ్య నడుముకున్న ముక్క విప్పేసి, నా దగ్గరున్న ఇంకో తాడు, తెగని తాడు, నిండు తాడు కట్టా. తాడంతా కిందనే ఉందంటే, పైనున్నోడు వదిలేసినట్టేగా. నేనెవరికీ నోరిప్పి ఆడు వదిలేశాడని చెప్పలా. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆళ్ళే అనుకున్నారు. నేను ఊరుకున్నా. ఇంట్లో ముగ్గురాడపిల్లలు. జైలుకి పోతే ఎట్టా అనుకున్నా. రెండ్రోజులాగి చెబుదామనుకున్నా. రెండ్రోజులయ్యేసరికి చెప్పటం ఇంకా కష్టమైపోయింది. ఎక్కినప్పుడల్లా దీన్ని తీసి కాల్చేద్దామనుకునేవాణ్ణి. చెయ్యి పెట్టేవాణ్ణి, ఉందని చూసుకునేవాణ్ణి, మళ్ళీ రాళ్ళు కుక్కేవాణ్ణి."

దేవకుమారి చెయ్యి లేచింది. బుడాన్ తప్పుకోలేదు గానీ, మెల్లగా అన్నాడు:

"ఇక్కడొద్దమ్మా. నీ తాడూ నా తాడూ ఒకే మేకుకున్నాయి. పైకెళ్ళాక కొట్టు. ఎన్నయినా కొట్టు."

ఆ మాటకి ఆమెకు నవ్వొచ్చింది. రాకూడదనుకుంటే వచ్చింది. చెయ్యి దించుకుంది.

ఇప్పుడేం చెయ్యాలి? కిందికి దిగాలన్నా ఈ మనిషే దించాలి, పైకెక్కాలన్నా ఈ మనిషే ఎక్కించాలి. పైకి అరవై అడుగులే ఉంది. ఆ పైన మేకలు తిరిగే దారి ఉంది, నడిచి దిగిపోవచ్చు. పైకే మంచిది. తెగిన తాడుని చుట్టగా చుట్టి, తలమీదుగా వేసుకుని, జందెంలాగా భుజానికి అడ్డంగా బిగించుకుంది. తాను వేసుకొచ్చిన తమ్ముడి పాత చొక్కా మీద సున్నపు దుమ్ము చార పడింది.

"నువ్వు ముందు కదలొద్దు," అంది. "ఈ తాడు నేను చూడాలి."

"రోజూ చూస్తానమ్మా. ఆ రోజు నించీ అంగుళం అంగుళం తడమకుండా నేను..."

"నేను చూడాలి."

బుడాన్ తాడంతా ఆమె ఒళ్ళో పోశాడు. నూటయాభై అడుగులు. దేవకుమారి ఒక కొస పట్టుకుని మొదలుపెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మూర తర్వాత మూర, మెలి తిప్పి చూస్తూ, వంచి చూస్తూ. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఆమె అంత శ్రద్ధ పెట్టి ఎరగదు. మధ్యలో ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ తడిమింది. అది వట్టి మట్టి మరక. ఆయన రాతికి చేరగిలబడి, పెద్దాయన కాస్తా లెక్క తప్పిన పిల్లాడిలాగా, ఆమె వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. అరగంట పట్టింది. చివరి కొస దాకా వచ్చాక, "బాగుంది," అంది. "వెళ్ళండి."

మళ్ళీ 'అండి' చేరిందని ఇద్దరూ గమనించారు.

బుడాన్ నాలుగో అంచె ఎక్కడం మొదలుపెట్టాడు. దేవకుమారి తమ్ముడు నిలబడ్డచోట నిలబడి, తాడుని నడుము చుట్టూ తిప్పి, ఆయన ఎక్కేకొద్దీ వదులుతూ వచ్చింది. కింద మూడు అంచెల్లోనూ చేసిన పనే. కానీ ఇప్పుడు ఆ తాడు ఆమె చేతుల్లో మాట్లాడినట్టే ఉంది. ఆయన అడుగు మారిస్తే తెలుస్తోంది. ఆగితే తెలుస్తోంది. పట్టు కోసం వెతుక్కుంటుంటే చిన్న అదురు. మనిషి కనపడకపోయినా, ప్రాణమున్నదేదో అవతల కొసన ఉందని అరచేతులకు తెలుస్తూనే ఉంది. ఇది ఉన్నట్టుండి తేలికైపోతే ఎట్లా ఉంటుందో ఆమెకు అప్పుడర్థమైంది. ఇరవై రెండేళ్ళ పిల్లాడు, ఒంటరిగా, ఈ అరుగు మీద. కళ్ళు మసకబారాయి. భుజానికి మొహం తుడుచుకుంది గానీ చేతులు తియ్యలేదు.

"రామ్మా!" పైనుంచి కేక వచ్చింది.

మేకు నుంచి ముడి విప్పుకుని ఎక్కసాగింది. వాన నీళ్ళు ఏళ్ళ తరబడి తొలిచిన సున్నపురాయి అది. జల్లెడ కన్నాల్లా గుంటలు, గుంటల అంచులు పదును. వేళ్ళు కోసుకుంటున్నాయి. సగం పైన బొజ్జలా ముందుకొచ్చిన చోట, అవతల ఏముందో కనపడదు. చెయ్యి గుడ్డిగా పైకి చాపి వెతకాలి. పొద్దున్నుంచీ ఇలాంటి చోటల్లా ఆమె కాళ్ళు కుట్టుమిషను తొక్కినట్టు వణికాయి. ఇప్పుడు వణకలేదు. రాతికి చెంప ఆనించి, చెయ్యి చాపి, ఒక గుంట దొరికితే అందులో నాలుగు వేళ్ళూ దూర్చి, "రావే తల్లీ," అని తనని తానే పిలుచుకుని పైకి లేచింది. భయం ఉండాల్సిన చోటంతా ఇంకేదో నిండి ఉంది. తమ్ముడికి ఈ వార్త ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఆ గండం ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియలేదు.

కొండ నెత్తి మీద చదునుగా ఎండుగడ్డి, గాలి. దేవకుమారి నాలుగడుగులు వేసి గడ్డిలో బోర్లా పడుకుంది. తర్వాత లేచి చూసింది. కిందంతా చదునుగా పరుచుకున్న మెరక చేలు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టున్నాయి. ఆ మధ్య తెల్లగా రెండో ఏరుడుకొచ్చిన పత్తి. ఎక్కడో బట్టీ పొగ నిటారుగా లేచి, ఒక ఎత్తుకి వచ్చాక వంగిపోతోంది.

బుడాన్ తాడు చుట్టి, పక్కన పెట్టి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతులు రెండూ కిందికి వేలాడేసుకుని. కొట్టించుకోవడానికి వచ్చాడని ఆమెకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"మంచినీళ్ళున్నాయా?" అంది.

ఆయన సీసా ఇచ్చాడు. గటగటా తాగి, మిగిలినవి మొహం మీద పోసుకుంది.

"ముందు ఎవరికి చెబుతారు?"

"సుబ్బరావమ్మగారికి. బుల్లయ్యని కన్నతల్లి. ముందు ఆమెకే చెప్పాలి. తర్వాత పోలీసులకి. పెద్దపిల్ల నజీరాకి నిన్ననే చెప్పా. రేపు కొండ మీదికి ఎవరొస్తన్నారో తెలుసా అని, అంతా చెప్పా. ఆ పిల్ల రాత్రంతా మాట్లాడలా. పొద్దున నీళ్ళసీసా చేతికిచ్చి, 'చెప్పకుండా ఇంటికి రావద్దు నాన్నా' అంది."

అంతలో కిందినుంచి వినిపించింది.

"అక్కా!"

గొంతు సన్నగా, గాలికి చెదిరిపోతూ వచ్చింది. అయినా పోల్చుకుంది. అంచు దగ్గరికి పాకి, కడుపు మీద పడుకుని తొంగి చూసింది. కొండ మొదట్లో, చీమంత మనిషి. నీలం చొక్కా. తాను ఎక్కడికెళ్తోందో ఒక్క అమ్మకే చెప్పింది దేవకుమారి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. అమ్మ ఆ ఒట్టు గట్టున పెట్టి చీమకుర్తికి కబురంపినట్టుంది.

"అక్కా, అక్కడే ఉండు! కదలమాక! నేను దారెంట వస్తన్నా!"

దారెంట. ఐదేళ్ళుగా ఈ కొండ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు, దాని కిందికొచ్చి నిలబడి అరుస్తున్నాడు. దేవకుమారి రెండు చేతులూ నోటికి దోసిలి పట్టింది.

"ఒరేయ్ ఇమ్మానూ! నువ్వు వదల్లేదురా!"

కొండ ఆ మాటని అటూ ఇటూ కొట్టి చెదరగొట్టింది.

"ఏందీ?"

"నువ్వు వదల్లేదు! తాడు తెగింది! తెగిన ముక్క ఇదిగో, నా దగ్గరుంది! తాడు తెగిందిరా!"

భుజం మీది చుట్ట తీసి, గాల్లో ఊపింది. కనపడుతుందో లేదో తెలియదు. మూడుసార్లు అరిచింది. నాలుగోసారికి గొంతు పోయింది. కింద నీలం చొక్కా కదలకుండా నిలబడింది. తర్వాత ఉన్నచోటునే చతికిలబడింది. తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నట్టుంది. దేవకుమారి చూస్తూనే ఉంది. ఆ దూరానికి భుజాలు అదరడం కనపడదు. కనపడకపోయినా ఆమెకు తెలుసు. ఏడవనీ, అనుకుంది. ఐదేళ్ళది. ఎంతసేపైనా ఏడవనీ.

చాలాసేపటికి లేచాడు. మేకల దారి వైపు వెళ్తాడనుకుంది. వెళ్ళలేదు. వంగి చెప్పులు విప్పాడు. వాటిని పక్కపక్కన పెట్టి, నేరుగా కొండ గోడ దగ్గరికి వచ్చి, ఎడం చెయ్యి ముందు పెట్టాడు.

"వద్దురా!" అనబోయింది. బుడాన్ పక్కకొచ్చి పడుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అరవమాకమ్మా. గోడ మీదున్నోణ్ణి ఉలిక్కిపడేట్టు చెయ్యకూడదు. మొదటి అంచె మెట్లున్నట్టే ఉంటది, వచ్చేస్తాడు. రెండోది కూడా ఆడికి తెలిసిందే. మూడోది మటుకు తాడు లేకుండా కుదరదు." అప్పటికే లేచి తాడు విప్పుతున్నాడు. "ఆడు రెండో అంచె చివరున్న అరుగు మీదికి వచ్చేలోపల నేనక్కడుండాలి."

నెత్తి మీదున్న పెద్ద గుండు చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పి, ఒక కొస తన నడుముకి కట్టుకుని, మిగిలినది దేవకుమారి చేతుల్లో పెట్టాడు. ఆమె వేళ్ళు కోసుకుపోయి రక్తం జీరలు కట్టి ఉన్నాయి. వాటివంక ఒక్క క్షణం చూశాడు.

"ఇందాక ఊరకే వదులుతూ వచ్చావు. ఈసారి అట్టా కాదు. నా బరువంతా నీ చేతుల్లోనే ఉంటది." ఇంకేదో అడగాలని ఉంది ఆయనకు. అడిగే మొహం లేక ఆగిపోయాడు.

దేవకుమారి గుండుకి కాళ్ళు తన్నిపెట్టి కూర్చుంది. తాడు నడుము చుట్టూ తిప్పుకుంది. కింద, కొండ గోడ మీద, చిన్న రాయి ఒకటి దొర్లిన చప్పుడు.

"పట్టుకున్నాను," అంది. "దిగండి."

బుడాన్ వెనక్కి వాలాడు. అంచు దాటి ముందు నడుము, తర్వాత భుజాలు, చివరికి తల కనపడకుండా పోయాయి. తాడు బిగుసుకుని, ఆయన బరువంతా ఒక్కసారిగా ఆమె నడుముకి తగిలింది.